ఐదేళ్ళ పాప నలభై ఏళ్ళ మనిషిలా ఆలోచిస్తోందట, ఏం చేయమంటారు?

చిలకపచ్చ | శుక్రవారం, రాత్రి 10:50

అందరికీ నమస్కారం. చాన్నాళ్ళుగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు. సొంతూరు నెల్లూరు పక్కన, ఉండేది బెంగళూరులో కె.ఆర్. పురం వైపు. పగలు ఆఫీసు, రాత్రి పదయ్యాక కథలు.

ఈ మధ్య ఒక కథ రాశాను. ఏడో అంతస్తు ఫ్లాటు. చిన్ని అనే ఐదేళ్ళ పాప. ఒక రాత్రి నానమ్మని అంబులెన్సులో తీసుకెళ్తారు, ఆవిడ ఇక తిరిగి రాదు. పాపకి అసలు సంగతి ఎవరూ చెప్పరు, "ఊరెళ్ళింది" అంటారు. కథంతా పాప వైపు నుంచే నడవాలని నా ఆశ. ఒక వెబ్ పత్రికకి పంపితే మూడు వారాలకి ఒక్క లైను జవాబొచ్చింది: "పాప నలభై ఏళ్ళ మనిషిలా ఆలోచిస్తోంది." రెండు రోజులు కోపం. మూడో రోజు చదువుకుంటే నాకూ అలాగే అనిపించింది. కానీ ఎక్కడ తేడా కొట్టిందో పట్టుకోలేకపోతున్నా. ఒక పేరా పెడుతున్నాను. మొహమాటం లేకుండా చెప్పండి.

"బాల్కనీలో నిలబడిన చిన్నికి నానమ్మ లేని ఇల్లు ఒక్కసారిగా బోసిపోయినట్టు అనిపించింది. పెద్దవాళ్ళు తన దగ్గర ఏదో దాస్తున్నారని ఆ పసి మనసు గ్రహించింది. అమ్మ నవ్వు వెనక దాగిన దుఃఖం ఆ చిన్నారి కళ్ళకి కనిపించకపోలేదు. మూలన ఆనించిన నానమ్మ చేతికర్ర మౌనంగా కన్నీరు కారుస్తున్నట్టుంది. ఇక ఆ కర్ర చప్పుడు ఈ ఇంట్లో ఎప్పటికీ వినపడదేమో అనుకుంది చిన్ని."

రాగిముద్ద | శుక్రవారం, రాత్రి 11:15

మొహమాటం వద్దన్నారు కాబట్టి చెప్తున్నా. "పసి మనసు" అని ఏ పసివాడూ తన గురించి అనుకోడు. ఆ మాట పడిన చోట మీరు పాప లోపల లేరు, పక్కన నిలబడి జాలిపడుతున్నారు. "చిన్నారి కళ్ళు" కూడా అంతే.

నన్నడిగితే ఐదేళ్ళ పిల్ల వైపు నుంచి పది పేజీల కథ నడవదు. పెద్దయ్యాక గుర్తు చేసుకుంటున్నట్టు రాసేయండి, ఈ గొడవంతా వదిలిపోతుంది.

కామా | శుక్రవారం, రాత్రి 11:32

"కనిపించకపోలేదు" మీద నాకు ప్రత్యేకంగా కోపం వచ్చింది. ఐదేళ్ళ పిల్లకి ఇన్ని మలుపులు తిరిగే క్రియ అంటగట్టడం పాపం కదండీ.

మిగతా క్రియలు కూడా చూడండి. అనిపించింది, గ్రహించింది, అనుకుంది. ఐదు వాక్యాల్లో పాప చేసిన పని బాల్కనీలో నిలబడటం ఒక్కటే. చిన్నపిల్లలు ఏదో ఒకటి చేస్తూ ఆలోచిస్తారు. చేతులు కట్టుకుని ఆలోచించే రకం మనం.

రాగిముద్ద గారూ, పెద్దయ్యాక గుర్తు చేసుకోవడం సులువే, కాదనను. కానీ అప్పుడు కథ మారిపోతుంది. నానమ్మ చనిపోయిందని తెలిసిన మనిషి చెప్పే కథ అవుతుంది. ఈమె రాయాలనుకుంటున్నది తెలియని మనిషి కథ.

రంగుపెన్సిల్ | శనివారం, ఉదయం 6:40

బీటీఎం లేఅవుట్ దగ్గర ఒక ప్లేస్కూల్లో 11 ఏళ్ళుగా పనిచేస్తున్నాను. కథలు రాయను, చదువుతాను. ఇక్కడ నాకు తెలిసింది కొంచెం ఉంది కాబట్టి కల్పించుకుంటున్నా.

ముందు వయసు తేల్చుకోండి. "చిన్నపిల్ల" అని ఒకే వయసు ఉండదు. మూడేళ్ళ వాడికి జరిగిపోయిందంతా "నిన్న"నే. పోయిన సంక్రాంతీ నిన్నే, పొద్దున తిన్న ఇడ్లీ నిన్నే. ఐదేళ్ళ పిల్ల అలా అనదు. "నా బర్త్‌డే అయిందే, కేకు మీద పువ్వు పడిపోయిందే, ఆ రోజు" అంటుంది. క్యాలెండరు ఇంకా రాదు, కానీ రోజులకి గుర్తులు పెట్టుకుంటుంది. మీ కథలో "వారం గడిచింది" లాంటి వాక్యాలుంటే తీసేయండి. చిన్నికి వారం గడవదు, డ్యాన్సు క్లాసు వస్తుంది.

ఇక "అమ్మ నవ్వు వెనక దాగిన దుఃఖం". లోపల ఒకటి, మొహంలో ఒకటి ఉండొచ్చన్న సంగతి నాలుగేళ్ళ వాళ్ళకంటే ఆరేళ్ళ వాళ్ళకి బాగా అందుతుంది. ఐదేళ్ళంటే అటూ ఇటూ. అమ్మలో ఏదో తేడా ఉందని పాపకి తప్పకుండా తెలుస్తుంది. అది దుఃఖమనీ, అమ్మ దాస్తోందనీ పేరు పెట్టడం వేరే పని. మా క్లాసులో ఒక బాబు నాతో అన్నాడు: "మా అమ్మ ఇవాళ నా షూ లేసు గట్టిగా కట్టింది." ఇంకేం చెప్పలేదు. తర్వాత తెలిసింది, ఆ పొద్దున ఇంట్లో పెద్ద గొడవైందట. వాడు చూసింది లేసు.

నిద్రలేని నాన్న | శనివారం, ఉదయం 7:05

షూ లేసు మాట చదివి టీ పక్కన పెట్టేశాను.

నాకు ఇద్దరు, పెద్దదానికి ఆరు, చిన్నోడికి నాలుగు. పిల్లల మనస్తత్వం మీద కాస్త చదివాను, నిద్ర లేనప్పుడు ఇంకేం చేస్తాం. పిల్లల ఆలోచన మీద పనిచేసిన స్విస్ మనస్తత్వవేత్త పియాజే, ఆయన గ్లాసు పరీక్ష తెలుసు కదా. ఒకేలాంటి రెండు గ్లాసుల్లో సమానంగా నీళ్ళు పోసి, ఒకదాన్ని సన్నటి పొడవాటి గ్లాసులోకి మార్చి, ఎందులో ఎక్కువున్నాయని అడగడం. ఐదారేళ్ళ లోపు పిల్లలు ఎక్కువమంది పొడుగు గ్లాసు చూపిస్తారు. మావాడి మీద మజ్జిగతో ప్రయోగం చేశాను. పొడుగు గ్లాసులోనే ఎక్కువుందన్నాడు. సరే, తాగమన్నాను. అది తాగేశాడు, రెండోదీ తాగేశాడు. రెండు ఖాళీ గ్లాసులూ పక్కపక్కన పెట్టి "ఇప్పుడు సమానం" అన్నాడు. పియాజే ఉంటే ఏం రాసుకునేవాడో.

చెప్పొచ్చేదేంటంటే, పిల్లలకి తర్కం లేదని మనం అనుకుంటాం. వాళ్ళ తర్కం మనకంటే గట్టిది. చేతిలో ఉన్న సంగతులే తక్కువ. పోయిన నెల మదనపల్లె నుంచి రాత్రిపూట కారులో వస్తున్నాం, చింతామణి దాటాం. చందమామ మనతోనే వస్తున్నాడని చిన్నోడి గోల. పిల్లలు ఇలా అనుకుంటారని పియాజే వందేళ్ళ కిందటే రాశాడు, నాకూ తెలుసు, అవున్నాన్నా అని ఊరుకున్నా. ఐదు నిమిషాలాగి ఏడుపు మొదలెట్టాడు. "చందమామ మనతో వచ్చేస్తే అమ్మమ్మకి చీకటి కదా. వెనక్కి పొమ్మను."

చందమామ వెంట వస్తాడనేదాకా అందరూ రాస్తారు. దాని తర్వాతి మెట్టు నాకెప్పుడూ తట్టలేదు.

చిలకపచ్చ | శనివారం, ఉదయం 9:20

వెనక్కి పొమ్మను! నేనైతే "వెన్నెలలో తడిసిన అమ్మమ్మ జ్ఞాపకం" అని ఏదో రాసి పాడుచేసేదాన్ని.

రంగుపెన్సిల్ గారూ, ఒక సందేహం. చావు అంటే ఐదేళ్ళ పిల్లకి ఏ మాత్రం తెలుస్తుంది?

రంగుపెన్సిల్ | శనివారం, మధ్యాహ్నం 1:30

పిల్లల్ని పంపేసి ఇప్పుడు కూర్చున్నాను.

చనిపోతే తిరిగి రారు, ఒంట్లో ఏ పనీ జరగదు, అందరికీ తప్పదు. ఈ మూడూ ఒకేసారి అర్థం కావు, ఒక్కోటీ ఒక్కో వయసులో అందుతుంది. మరియా నాగీ అనే ఆవిడ హంగరీ పిల్లలతో మాట్లాడి 1948లో ఒక పరిశోధన ప్రచురించింది. ఐదేళ్ళ లోపు వాళ్ళకి చావంటే ఒక ప్రయాణం, లేదా నిద్ర. పోయినవాళ్ళు ఇంకెక్కడో ఉన్నారు, అక్కడ తింటున్నారు, కాస్త ఇబ్బంది పడుతున్నారు, అంతే. ఐదు దాటాక మెల్లగా మారుతుంది. అందుకే "నిద్రపోయింది" అని చెప్పొద్దని మేం తల్లిదండ్రులకి చెప్తుంటాం. ఆ రాత్రి నుంచి పిల్లలు పడుకోవడానికి భయపడతారు. "ఊరెళ్ళింది" అంటే ఆ భయం ఉండదు గానీ వేరే చిక్కు. ఊరెళ్ళినవాళ్ళు వస్తారు కదా. చిన్ని లెక్కలు వేస్తుంది. ఏ బస్సు, ఎవరు తీసుకొస్తారు, తలుపు ఎవరు తీస్తారు. మీ కథ ఆ లెక్కల్లోనే ఉందేమో చూడండి.

నిద్రలేని నాన్న గారూ, మజ్జిగ గురించి ఒక మాట. పియాజే అడిగిన తీరు మీద తర్వాత చాలా అభ్యంతరాలొచ్చాయి. పెద్దవాళ్ళు ఒకే ప్రశ్న రెండోసారి అడిగితే, మొదటి జవాబు తప్పేమోనని పిల్లలు మార్చి చెప్తారు. మార్గరెట్ డొనాల్డ్‌సన్ అనే మనస్తత్వవేత్త, సమానంగా పేర్చిన రెండు వరసల వస్తువులతో ఇంకో తమాషా చేసింది. పెద్దాయన గంభీరంగా వచ్చి వస్తువుల వరస మార్చే బదులు, అల్లరి ఎలుగుబంటి బొమ్మ వచ్చి చెదరగొట్టినట్టు చేస్తే ఎక్కువమంది పిల్లలు సరిగ్గా చెప్పారట. ఆవిడ పుస్తకం 1978లో వచ్చింది. పిల్లవాడు మజ్జిగ గురించే కాదు, అడుగుతున్న మీ గురించి కూడా ఆలోచిస్తున్నాడు. కథలో ఇది పనికొస్తుంది. పెద్దవాళ్ళు అడిగినప్పుడు చిన్ని చెప్పే జవాబు వేరు, బొమ్మతో చెప్పేది వేరు.

నిద్రలేని నాన్న | శనివారం, మధ్యాహ్నం 1:52

నేను రెండుసార్లు అడిగాను. రెండోసారి కొంచెం గట్టిగా.

రాగిముద్ద | శనివారం, మధ్యాహ్నం 3:10

ఇదంతా బాగానే ఉంది గానీ, కథ రాయడమంటే పరిశోధన పత్రం రాయడం కాదండీ. నాలుగేళ్ళకి ఇది తెలుస్తుంది, ఆరేళ్ళకి అది తెలుస్తుంది అని పట్టిక పక్కన పెట్టుకుని రాస్తే పాత్ర పుట్టదు, కేసు పుడుతుంది. నేను పెరిగిన అనంతపురం వీధిలో ఐదేళ్ళకే ఇంటి అప్పుల లెక్క తెలిసిన పిల్లలున్నారు.

పాత మద్రాసు | శనివారం, సాయంత్రం 5:00

నా వయసు 78. జయనగర్లో అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను. పెరిగింది మద్రాసు మాంబళంలో.

మన దగ్గర పిల్లల గొంతుకి ఒక చిక్కుంది. ముళ్ళపూడి బుడుగుని పలికించి, బాపు వాడికి బొమ్మ గీశాక, పిల్లవాడు నోరు విప్పితే నవ్వించాలి అనే లెక్క స్థిరపడిపోయింది. వాళ్ళు చేసింది వాళ్ళకే చెల్లింది. తర్వాత వచ్చినవాళ్ళు ముద్దుమాటలు పట్టుకుని వేలాడారు. ఇక 1947 జులైలో మద్రాసులో చందమామ మొదలైంది, అది పిల్లలకి కథలు చెప్పింది. పిల్లల లోపల కూర్చుని చెప్పడం మరో పని, ఆ పని చేసినవాళ్ళు తక్కువ.

నా సంగతి ఒకటి చెప్తాను. మద్రాసు రేడియోలో పిల్లల కార్యక్రమం న్యాయపతి రాఘవరావు గారు, కామేశ్వరి గారు నడిపేవారు. ఊరందరికీ రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య. పెట్టె లోపల మనుషులున్నారని అనుకునేవాళ్ళమని అందరూ రాస్తారు. నాకా అనుమానం లేదు. నా బాధ వేరు. మా ఇంట్లో ఉన్న అన్నయ్య నాకు అన్నయ్య కాబట్టి, ఈయనా అన్నయ్యే కాబట్టి, ఈయన మా అమ్మ కొడుకే. మరి భోజనానికి రాడేం? ఒక పూట మా అమ్మని నిలదీశానట. ఈయనకి వడ్డించకుండా మాకే ఎలా వడ్డిస్తున్నావని.

"నిలదీశానట" అని ఎందుకన్నానంటే, అది నిజంగా నాకు గుర్తుందో, మా అమ్మ వందసార్లు చెప్పగా బొమ్మ కట్టిందో తేల్చుకోలేను. సొంత బాల్యాన్ని తవ్వి రాసేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఇంట్లో బాగా నలిగిన ముచ్చట అప్పటికే పెద్దవాళ్ళు నగిషీ పట్టిన సరుకు. ఎవరూ మనకి తిరిగి చెప్పని చిన్న చిన్న సంగతులుంటాయి చూడండి, అవే నమ్మదగినవి. నాకలాంటిది ఒకటే ఉంది. చల్లటి గచ్చు మీద చెంప ఆనించి, బీరువా కింద దొర్లిపోయిన గోళీని చూస్తుండటం. అందులో కథేమీ లేదు.

కామా | శనివారం, సాయంత్రం 6:25

పాత మద్రాసు గారికి నమస్కారం. ఆ గోళీ నన్ను వదలడం లేదు.

ముద్దుమాటల మాటొచ్చింది కాబట్టి. "లేదు"ని "లేదూ" అని, "రైలు"ని "లైలు" అని రాస్తే పిల్లల భాష అయిపోదు. పిల్లల తెలుగులో నిజమైన విశేషాలు వ్యాకరణంలో ఉన్నాయి. మా మేనకోడలు రెండున్నరేళ్ళప్పుడు "నాన్న వచ్చింది" అనేది. ఆలోచిస్తే తప్పేం లేదు. అమ్మ వచ్చింది, కుక్క వచ్చింది, బస్సు వచ్చింది, కరెంటు వచ్చింది. లోకమంతా వచ్చింది అంటుంటే నాన్న ఒక్కడే వచ్చాడు ఎందుకవ్వాలి? కానీ చిన్నికి ఐదేళ్ళు, ఆమె ఇలా అనదు.

ఐదేళ్ళ పిల్లకి పనికొచ్చేది ఇంకోటుంది. తెలుగులో "మా అమ్మ" అంటాం, ఒక్కడే కొడుకైనా సరే. అదే పిల్ల, తమ్ముడు పుట్టాక, వాడు అమ్మ ఒళ్ళో ఉంటే "నా అమ్మ" అని అరుస్తుంది. ఆ ఒక్క అక్షరంలో అసూయ అంతా ఉంది. వాక్యం మీద వాక్యం పెట్టి వర్ణించక్కర్లేదు.

నిద్రలేని నాన్న | శనివారం, రాత్రి 9:40

మనం, మేము గురించి కూడా చెప్పండి కామా గారూ! మా చిన్నోడు అపార్ట్‌మెంటు పార్కులో తెలుగు పిల్లల దగ్గరికెళ్ళి "మేము ఆడుకుందాం రా" అంటాడు. వాళ్ళు బిక్కమొహం వేస్తారు. మేమూ మేమూ ఆడుకుంటాం, నువ్వు చూడు అన్నట్టుంటుంది కదా. వాడి స్నేహితులంతా కన్నడం. కన్నడంలో రెండింటికీ "నావు" ఒక్కటే.

ఇక భాషల పంపకం చూడాలి. అమ్మతో "వద్దు", పనావిడతో "బేడ", సెక్యూరిటీ అంకుల్‌తో హిందీ. ఎవరికి ఏది అని మేం నేర్పలేదు. కింద ఫ్లాటు వాళ్ళ లాబ్రడార్‌తో ఇంగ్లీషు మాట్లాడతాడు, ఎందుకంటే అందరూ దానితో సిట్, కమ్ అనే అంటారు. గేటు బయటి వీధికుక్కకి మాత్రం కన్నడం. ఇంట్లో పెంచే కుక్కలు స్కూలుకెళ్ళాయని వాడి నమ్మకం.

రంగుపెన్సిల్ | శనివారం, రాత్రి 10:05

స్కూలుకెళ్ళాయి, సరిపోయింది.

"అనుకుంది చిన్ని" అన్నారు కదా, దానికి ఒక ఉపాయం. ఈ వయసు పిల్లలు మనసులో అనుకోవడం తక్కువ, బయటికి మాట్లాడేస్తారు. బొమ్మలు సర్దుతూ, బాత్రూంలో కూర్చుని, ఎవరూ వినకపోయినా. పియాజే దీన్ని తన ధ్యాసలో తానుండే మాట అన్నాడు. రష్యాకి చెందిన మనస్తత్వవేత్త వైగాత్‌స్కీ ఒప్పుకోలేదు. అది పిల్లలు తమ పనిని తాము నడుపుకునే మాట అనీ, అదే పోనుపోను లోపలికి వెళ్ళి ఆలోచన అవుతుందనీ అన్నాడు. ఆయన పుస్తకం 1934లో, ఆయన పోయిన ఏడే వచ్చింది. మా క్లాసుకి వచ్చి పది నిమిషాలు కళ్ళు మూసుకుని కూర్చుంటే ఆయన పక్షమే చేరతారు. "ఇప్పుడు ఇది ఇక్కడ... కాదు, నువ్వు పెద్ద, నువ్వు కింద ఉండు... పడకు... పడ్డావు." చిన్నికి మనసులో మాటలొద్దు, చేతికి ఏదైనా పని ఇచ్చి నోటితో అనిపించండి.

చిలకపచ్చ | ఆదివారం, ఉదయం 11:30

రాత్రి మీ మాటలన్నీ చదివి, పొద్దున ఒక పిచ్చి పని చేశాను. ఐదేళ్ళ పిల్ల సుమారు 110 సెంటీమీటర్లు ఉంటుందట. మా వంటింట్లో మోకాళ్ళ మీద నిలబడ్డాను. మావారు చూసి ఏం పోయిందని అడిగి, వెతకడానికి తనూ కూర్చున్నారు.

గట్టు మీద ఏముందో కనపడదు. స్టవ్ మంట కనపడదు. టకటకమంటే వెలిగించారని, గిన్నె పెట్టిన చప్పుడైతే ఏదో వండుతున్నారని. గట్టు రాయి అడుగున, ఇల్లు కొన్నప్పటి నుంచి నేనెప్పుడూ చూడని పచ్చరంగు పెన్సిలు గీతలున్నాయి, మేస్త్రీ వేసుకున్న కొలతలు కాబోలు.

తర్వాత లిఫ్టులోకి వెళ్ళాను. అక్కడ మాత్రం మోకాళ్ళ మీద కూర్చోలేదు, కెమెరా ఉంది. చెయ్యి పెట్టి లెక్క వేసుకున్నా. కింది బటన్లు పిల్లకి అందుతాయి. మా అంతస్తుది అందదు. అంటే చిన్ని ఒక్కతీ కిందికి వెళ్ళగలదు, పైకి రాలేదు.

అక్కడ నిలబడ్డప్పుడు మా అత్తగారు గుర్తొచ్చారు. ఆవిడకి భుజం పట్టేసి చెయ్యి పైకి లేచేది కాదు, కర్రతో పొడిచేవారు బటన్ని. కర్ర నా కథలో మొదటి నుంచీ ఉంది. మూలన నిలబడి కన్నీరు కారుస్తోంది, అంతే. దానికో పని ఉందని నాకిప్పుడే తెలిసింది.

కామా | ఆదివారం, ఉదయం 11:41

రాయండి. ఇక్కడ మాట్లాడొద్దు, వెళ్ళి రాయండి.

రాగిముద్ద | ఆదివారం, మధ్యాహ్నం 12:15

నడవదన్న మాట వెనక్కి తీసుకోవడానికి సిద్ధంగా ఉన్నాను. ఇంకా తీసుకోలేదు.

చిలకపచ్చ | మంగళవారం, రాత్రి 11:55

ఇదీ ఇప్పటికి వచ్చింది. ఆఫీసులో రిలీజ్ టెన్షన్ మధ్య రాశాను, తప్పులుంటే తిట్టండి.

"లిఫ్టులో అన్నిటికంటే కింద ఉండేది జీ. అది చిన్నికి అందుతుంది. 4 దాకా అందుతుంది. మునివేళ్ళ మీద లేస్తే 5. చిన్ని వాళ్ళది 7.

నానమ్మకీ 7 అందదు. నానమ్మ చెయ్యి భుజం దాకానే లేస్తుంది. అందుకని కర్ర ఎత్తి, చివరన రబ్బరుతో నొక్కుతుంది. ఒక్కోసారి 8 పడుతుంది. అప్పుడిద్దరూ 8కి వెళ్ళి, అక్కడ ఎవరి చెప్పులున్నాయో చూసి వస్తారు.

కర్ర తలుపు వెనక ఉంది. ఆ రాత్రి ఇద్దరు అంకుల్స్ నానమ్మని చక్రాల మంచం మీద పడుకోబెట్టి తీసుకెళ్ళారు. కర్ర ఇవ్వడం అందరూ మర్చిపోయారు. నాన్న కూడా.

'నానమ్మ ఎప్పుడొస్తుంది?'

'ఊరెళ్ళింది కదమ్మా.' స్టవ్ టకటకమంది. గిన్నె పెట్టిన చప్పుడు రాలేదు.

చిన్ని కుందేలుకి చెప్పింది. 'ఊరి నుంచి వస్తే కింద దిగుతుంది. దిగి లిఫ్టు ఎక్కుతుంది. ఎక్కి... నీకు తెలీదులే, నీకు చేతులే లేవు.'

కర్ర చిన్ని కంటే కొంచెం పొట్టి. లిఫ్టులో జీ నొక్కింది. 6 వెలిగింది, 5 వెలిగింది. తలుపు తెరుచుకుంటే నానమ్మ లేదు. సెక్యూరిటీ అంకుల్ 'క్యా హువా బేటా' అన్నాడు. నానమ్మని హిందీలో ఏమంటారో చిన్నికి రాదు. 'కుఛ్ నహీ' అంది.

కర్ర రెండు చేతులతో ఎత్తింది. పాపం బరువుగా ఉంది. మొదట 6 పడింది. తర్వాత 7. ఇంటికి వచ్చి, కర్ర తలుపు వెనక పెట్టేసింది."

రాగిముద్ద | బుధవారం, ఉదయం 7:20

వెనక్కి తీసుకుంటున్నాను.

హిందీలో నానమ్మని ఏమంటారో రాదు అన్నచోట ఆగిపోయాను. అక్కడ మీరు ఒక్క ముక్క అదనంగా చెప్పలేదు. పాత పేరాలో అయితే చెప్పేవారు.

కామా | బుధవారం, ఉదయం 8:02

"పాపం బరువుగా ఉంది". ఎవరికి పాపం? చిన్ని తనకి తాను పాపం అనుకోదు. మీరు మళ్ళీ లిఫ్టులోకి వచ్చి నిలబడ్డారు. దిగిపోండి.

చిలకపచ్చ | బుధవారం, ఉదయం 8:10

దిగిపోయాను. "బరువుగా ఉంది" చాలు.

పాత మద్రాసు | బుధవారం, ఉదయం 10:30

8వ అంతస్తులో చెప్పులు చూసి రావడం బాగుందమ్మా. నానమ్మ ఎలాంటి మనిషో అందులో తెలిసిపోయింది. మొదటి పేరాలో ఆవిడ పోయింది గానీ, ఉండి చూపించింది లేదు.

నిద్రలేని నాన్న | బుధవారం, రాత్రి 9:50

మీరు తిట్టుకోనంటే ఒకటి చెప్తాను. రాత్రి పడుకోబెడుతూ మా పెద్దదానికి ఈ కథ నోటితో చెప్పాను. నానమ్మ ఎక్కడికెళ్ళిందో చెప్పలేదు, మీరు రాసినంత వరకే. అంతా విని అడిగింది:

"కర్రతో 7 నొక్కి పైకి వచ్చేసిందా?"

"అవును."

"కర్ర ఇంట్లో పెట్టేసిందా?"

"ఆఁ."

"మరి నానమ్మ వస్తే 7 ఎలా నొక్కుతుంది?"

నేను ఏదో సర్దిచెప్పబోయాను. అటు తిరిగి పడుకుంది.

చిలకపచ్చ | బుధవారం, రాత్రి 10:15

అయ్యో. అవును కదా. కర్ర ఇవ్వడానికే కదా చిన్ని కిందికి వెళ్ళింది. నాకు కథ ముగించాలని ఉండి పైకి తెచ్చేశాను. ఆ పిల్ల తెచ్చుకోదు. లిఫ్టులో మూలన ఆనించి వదిలేస్తుంది, నానమ్మకి దొరికేలా.

అప్పుడు చిన్నికి 7 అందదు. మెట్లెక్కి రావాలి. ఏడు అంతస్తులు. ప్రతి అంతస్తులో ఎవరి చెప్పులున్నాయో చూసుకుంటూ.

ఆదివారం లోపల రాసి పెడతాను. మీ పెద్దమ్మాయిని అంతవరకూ మేలుకోవద్దని చెప్పండి.